పైడి ముఖాన రెక్కలు

మూడో గుహ దీపశాల నుంచి సింహాద్రమ్మ చెప్పిన పలుకులు. మిగతా గుహల వాళ్ళు వినడం కోసం.

పలుకు 41

ఇన్నేళ్ళూ నువ్వు నిలబడి వాక్యం చెప్పిన రాయి మీదికి, నీ కళ్ళ ముందే నీ తోటికోడల్ని ఎక్కిస్తే నువ్వేం చేస్తావు? దండం పెట్టి పక్కకు తప్పుకుంటానని మాత్రం అనకు. "అబద్ధం ఆడిన నోరు దీపం ముందు తెరవకు" అని తొలివాక్యంలో ఉంది.

నేను తప్పుకోలేదు. నన్ను తప్పించారు.

రోజూలాగే అందరం దీపపు గంటకు వచ్చాం. పెద్దదీపం కింద భుజాలు, ముఖం చూపించి నిలబడ్డాం. ఆ గంట నిలబడకపోతే ఎముకలు మెత్తబడిపోతాయి. పైన సూర్యుడున్నాడంటారు గానీ చంద్రుడి మీద పుట్టి గుహలు దాటి బయటికి పోనివాళ్ళం, ఆయన ముఖం మాకేం తెలుసు? మా తాతల కాలంలో ఈ దీపం ఆస్పత్రి పని. నాకు ఊహ తెలిసేసరికి ప్రార్థన.

గంట ముగిసేసరికి పైడితల్లి ముఖం ఎర్రబడింది. రెండు చెంపల మీదా ఎరుపు. ముక్కు దూలం మీదుగా ఆ రెండూ కలిశాయి. ముక్కు పక్క మడతల్లో మాత్రం ఏమీ లేదు. అచ్చం విప్పిన రెక్కలు.

గవరమ్మ ముసలిది ముందు చూసింది. "ఓలమ్మో! రెక్కలే!" అని అక్కడే కూలబడింది.

ఆ మాట చాలు. తొలివాక్యం అందరికీ నోటికొచ్చు. "తొలుత వచ్చినవారిలో ఒక పడుచు ఉంది. వెలుగు ఆమె ముఖాన రెక్కలు విప్పి కూర్చుంది. ఆమెను ముందు నిలిపారు." దీపశాల అంతా ఆ మాటే ఎత్తుకుంది. ఎవరో పైడి చెయ్యి పట్టుకుని రాయి ఎక్కించారు. ఎవరో నా భుజం పట్టుకుని దించారు. ఎవర్ని దించుతున్నారో కూడా చూడలేదు, అంత తొందర వాళ్ళకు.

నేను బడి ముఖం చూడలేదు. ఆ వాక్యాన్ని చూస్తూనే అక్షరాలు నేర్చుకున్నాను, వేలితో నేల మీద దిద్దుకుని. పైడికి ఒక్క వాక్యం మొదలు నుంచి చివరి వరకూ రాదు. మధ్యలో మర్చిపోయి నవ్వేస్తుంది. మరి వెలుగు దాని ముఖాన ఎందుకు వాలింది? నా ముఖానికేమైంది?

ఇంటికొస్తుంటే గవరమ్మ అంది: "ఏటే సింహాద్రీ, దానికి రెక్కలొచ్చాయి, నీకు మూతి ముడుచుకుపోయింది."

పలుకు 44

మా ఇంట్లో నీళ్ళ యంత్రం జల్లెడ కడగడం నా వంతు. మనం తాగేదీ ఆ నీళ్ళే, ఒంట్లోంచి విడిచేదీ ఆ నీళ్ళే. మధ్యలో ఉన్నది ఆ జల్లెడ ఒక్కటే. ఇంట్లో ముగ్గురం. నేను, మా మరిది సూరిబాబు, అతని భార్య పైడి. మా ఆయన పైగుహ పనికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు.

ఈమధ్య జల్లెడ నిండా నురగ. తీసినకొద్దీ వస్తోంది. గిన్నెలో వేస్తే చాలాసేపు అణగకుండా అలాగే కూర్చుంటోంది. చంద్రుడి మీద ఏదైనా నింపాదిగానే పడుతుంది గానీ ఇంత నింపాది నేను చూడలేదు.

"పైడీ! సబ్బు తింటున్నావేటే?"

"నేను సబ్బు ముట్టుకోలేదక్కా. మొన్ననే అయిపోయింది కదా."

"మరి ఈ నురగ ఎక్కడిది? రెక్కలతో పాటు ఇదీ పైనించి దిగిందా?"

నవ్వింది. నా మాటకు కోపం తెచ్చుకోదు, అదే నాకు ఒళ్ళు మండే సంగతి. తిడితే తిట్టే మనిషితో సుఖం.

చిక్కుడు మడికి నీళ్ళు పెట్టే గొట్టం మూత తిప్పమంటే తిప్పలేకపోయింది. "పొద్దున లేస్తే వేళ్ళు బిగుసుకుపోతున్నాయక్కా. కాస్త పొద్దెక్కితే వదులుతాయి."

"ముఖాన వెలుగు గుర్తు వాలినవాళ్ళ వేళ్ళు పనికి వంగవేమో," అని నేనే తిప్పాను. సాయంత్రం మా గడప ముందు పాట కట్టి వచ్చారు జనం. ఎవరికోసమో చెప్పాలా? తలుపు తీసింది నేను, దండాలు తీసుకుంది అది.

పలుకు 47

నిజం చెబుతాను, వాక్యం ముందు దాపరికం లేదు. ఈ పొద్దు అందరూ వెళ్ళాక నేను పెద్దదీపం కింద మళ్ళీ నిలబడ్డాను. ముఖం పైకెత్తి, కళ్ళు మూసుకుని, "నామీద కూడా వాలు" అని అడిగాను. చాలాసేపు అడిగాను.

వచ్చింది. నుదురు, చెంపలు, ముక్కు కొన, ముక్కు మడతలు, గడ్డం, మెడ. అంతా ఎర్రగా, పొక్కులతో. అద్దంలో చూసుకుంటే ఉడకేసిన దుంపలా ఉన్నాను.

గవరమ్మ కర్ర మీద వాలి నవ్వింది. "నీకు రెక్కలు కాదే, పిట్ట మొత్తం వచ్చేసింది!"

పైడి మాత్రం నవ్వలేదు. కలబంద గుజ్జు తెచ్చి నా ముఖానికి రాసింది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. కొసలు సున్నంలా తెల్లబడి ఉన్నాయి. కూరలు దాచే చల్లగది నుంచి వస్తే అలా అవుతాయంది. నా వేళ్ళూ ఆ చల్లగదిలోకే వెళ్తాయి, ఎప్పుడూ తెల్లబడలేదు. అది కూడా గుర్తేనేమో అనుకుని ఇంకా కుమిలిపోయాను. కలబంద రాసిన చేతిని కొరకాలనిపించింది.

పలుకు 52

నిండుదీపం పండగకు పైడిని ఎంచారు.

వినేవాళ్ళలో పిల్లలుంటే వాళ్ళకోసం చెబుతున్నాను. ఏడాదికొకసారి ఎంచిన మనిషి రాయి మీద ఒక షిఫ్టు అంతా పెద్దదీపం కింద నిలబడతారు. గుహ అందరి బదులూ నిలబడినట్టు. పెళ్ళై ఈ గుహకొచ్చిన నాటి నుంచి నా పేరు పిలుస్తారని చూస్తున్నాను. ఇప్పటికే జనం దానిని రోజూ రెండో గంట కూడా నిలబెడుతున్నారు. "ఇంకాస్త నిలబడమ్మా, రెక్కలు ఇంకా విప్పుకుంటాయి" అంటున్నారు. విప్పుకుంటున్నాయి కూడా. మెడ కింద వరకూ దిగింది ఎరుపు.

నేను దాన్ని వదలకుండా చూస్తున్నాను. ప్రేమున్నవాళ్ళు అంతగా చూడరు. దాని దువ్వెనలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. ఊరగాయ తినడం మానేసింది. ఆవలించినప్పుడు చూశాను, అంగిట్లో పుండ్లు. మధ్యాహ్నానికే గోడకు ఆనుకుని కూర్చుంటోంది. చెప్పులు మార్చింది. పాతవి పట్టడంలేదట. సూరిబాబుకు ఇవేమీ కనబడవు. "మా పైడి ముఖం చూడొదినా, ఎలా వెలుగుతోందో!" అంటాడు. పగలంతా ముఖమే చూస్తాడు, కాళ్ళు చూడడు.

ఇక జల్లెడ సంగతి. నురగ ఎక్కువైంది. యంత్రం రెండుసార్లు ఆగింది. నేను తీర్మానించుకున్నాను. సబ్బు దొంగతనంగా వాడుతున్నది పైడేనని రుజువు చేస్తాను. పండగ ముందు, అందరి ఎదుట.

పలుకు 55

ముగ్గురికీ మూడు డబ్బాలు ఇచ్చాను. "యంత్రం బాగయ్యేవరకూ ఎవరు విడిచిన నీళ్ళు వాళ్ళ డబ్బాలో." సూరిబాబు గొణిగాడు. పైడి తన డబ్బా తీసుకుని వెళ్ళింది.

పొద్దున్నే మూడూ వరసగా పెట్టి చూశాను. నాది ఉత్త నీళ్ళు. సూరిబాబుది ఉత్త నీళ్ళు. పైడి డబ్బా మూత తీస్తే పైన తెల్లటి నురగ, గిలకొట్టిన గుడ్డు సొనలా. వాసన చూశాను. సబ్బు వాసన లేదు. అయితే వాసన లేని సబ్బు ఏదో తెచ్చుకుంది అనుకున్నాను! నా మనసు ఎంత దూరం పోతుందో చూడండి.

డబ్బా చంకలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టర్ జమీల కొత్తగా వచ్చింది రెండో గుహ నుంచి. దీపశాలకు రాదు, అందుకే నాకు ఆమెతో మాటల్లేవు.

"డాక్టరమ్మా, ఇందులో సబ్బుందని కాగితం రాసివ్వు."

"ఏంటిది?"

"మా తోటికోడలి నీళ్ళు."

ఆమె డబ్బా అందుకుని అందులో ఒక పరీక్ష పట్టీ ముంచింది. పట్టీ మీద పసుపు గడి ముదురాకుపచ్చ అయింది. ఇంకో పట్టీ ముంచింది. అదీ అంతే.

"సబ్బు కాదు. ప్రోటీన్. రక్తంలో ఉండాల్సింది నీళ్ళలోకి పోతోంది. ఆమె కిడ్నీలు కారుతున్నాయి." లేచి నిలబడింది. "ఎక్కడుంది ఆవిడ?"

"దీపం కింద," అన్నాను.

పలుకు 56

పైడి అన్నిటికీ లేదంది.

"కీళ్ళ నొప్పులున్నాయా?" "లేవండి." "నోట్లో పుండ్లు?" "లేవండి." "జ్వరం?" "అబ్బే." ముఖాన గుర్తు వాలిన మనిషికి రోగమని తేలితే ఆ గుర్తుకు విలువ పోతుంది కదా. దాని తెలివి దానిది.

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఇక ఆగలేకపోయాను. "లేవా? పొద్దున్నే మూత తిప్పలేవు. వేళ్ళ కొసలు తెల్లబడతాయి. అంగిట్లో రెండు పుండ్లు, ఎడమ పక్క ఒకటి పెద్దది. జుట్టు ఊడుతోంది. సాయంత్రానికి ఒళ్ళు కాలుతోంది, నీ దుప్పటి ముట్టుకుంటే తెలుస్తుంది. చెప్పులు మార్చావు. దీపం కింద నిలబడ్డ మర్నాడు ఎరుపు ఎక్కువ, నొప్పులూ ఎక్కువ."

డాక్టరమ్మ రాసుకుంటోంది. సూరిబాబు మాత్రం మండిపడ్డాడు. "డాక్టరుగారూ, వదిన మాట పట్టుకోకండి. ఆవిడకు కుళ్ళు. గుహంతా ఎరుగును."

"కుళ్ళుంటే ఉండనీ," అంది డాక్టరమ్మ తల ఎత్తకుండా. "నువ్వు మొగుడివి. ఇందులో ఒక్కటన్నా నీకు తెలుసా?"

సూరిబాబు పైడి చెప్పుల వైపు చూశాడు.

రక్తం తీశారు. బీపీ చూశారు, ఎక్కువగా ఉంది. లూపస్ అనే జబ్బులా ఉందంది డాక్టరమ్మ. ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళు ఒంటిమీదే తిరగబడడమట. చర్మం, కీళ్ళు, రక్తం, కిడ్నీలు, దేన్నైనా పట్టొచ్చు. ఎక్కువగా పడుచు వయసు ఆడవాళ్ళకు వస్తుందట. చెంపల మీది ఆ ఎరుపును భూమ్మీద సీతాకోకచిలుక మచ్చ అంటారంది. సీతాకోకచిలుక అంటే ఏమిటని అడిగాను. రెక్కలున్న పురుగు అంది. మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదు.

నాకు వెంటనే వాక్యం పొంగింది. "సొంత ఇంటి మీద తిరగబడ్డ కాపలా! అంటే లోపలి పాపం..."

"పాపం కాదమ్మా, రోగం," అని అడ్డుకుంది. "అంటుకోదు. శాపమూ కాదు. ఉపమానాలు తర్వాత. ముందు ఆవిడ దీపం కింద నిలబడకూడదు. ఆ కాంతే జబ్బును ఎగదోస్తోంది."

"మరి ఎముకల సంగతో?"

"ఎముకలకు మాత్ర ఉంది."

ఇంత చిన్న మాత్ర ఉండగా నేను ఇన్నేళ్ళు ఏం చెప్పానో ఆలోచించలేదు. ఆ క్షణాన నాకు తట్టింది వేరే. పైడి నిలబడకపోతే నిండుదీపానికి నేనే.

పలుకు 59

ఫలితాలు వచ్చాయి. ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదట. రక్తంలో మొదట చూసే గుర్తు జబ్బు లేనివాళ్ళకు కూడా ఉంటుందట. అందుకని ముఖం, కీళ్ళు, నోరు, నీళ్ళు, రక్తం అన్నీ డాక్టరమ్మ పక్కపక్కన పెట్టి చూసింది. సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసింది. లూపస్సే. కిడ్నీలో వాపు మొదలైంది.

"కిడ్నీ కూడా జల్లెడే," అంది నాతో. "నువ్వు కడిగే జల్లెడకు కన్నం పెద్దదైతే మార్చుకుంటావు. ఇది మార్చడం అంత తేలిక కాదు. ఇప్పుడే మందు మొదలెడితే నిలబెట్టొచ్చు."

మందుల గురించి నిదానంగా చెప్పింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర రోజూ, దానికోసం ఏటా కళ్ళ పరీక్ష. స్టెరాయిడ్ మాత్ర, ఒళ్ళు బాగుందని సొంతంగా ఆపితే ప్రమాదం. కిడ్నీల కోసం ఇంకొకటి. బీపీకి ఒకటి. అది ఎప్పటికీ ఉండే జబ్బే గానీ అణిచి పెట్టుకుని పని చేసుకోవచ్చు. పిల్లల్ని కనాలంటే జబ్బు సద్దుమణిగాక, తనని అడిగాక.

పైడి అంతా విని మాత్రలు కొంగున కట్టుకుంది. "పండగ అయ్యాక మొదలెడతానండి," అంది.

ఇంటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "నీకు బుద్ధుందేటే? ఆమె చెప్పింది వినబడలేదా?"

అప్పుడు మొదటిసారి అది నామీద గొంతు లేపింది. "నాకు ఏ రోజూ ఏదీ రాలేదక్కా. నీకు మాటొచ్చు, పాటొచ్చు, నువ్వు నోరు తెరిస్తే గుహ వింటుంది. నేను నీ వెనక నిలబడి ఏళ్ళు గడిపాను. వాక్యం రావాలని ఎన్నిసార్లు గొణుక్కున్నానో నీకు తెలీదు. ఇప్పుడు ఒక్కసారి నన్ను చూశారు. అదీ లాక్కుంటావా? ఆ రాయి కోసమే కదూ ఇదంతా?"

నా మీద కుళ్ళిందట ఇది! ఇన్నాళ్ళూ!

"అవును," అన్నాను. "రాయి కోసమే. నాకు కావాలి. అయినా నీ నీళ్ళు నురగే."

తలుపేసుకుంది.

పలుకు 60

నిండుదీపం. నేను వెళ్ళేసరికి పైడి రాయి మీద ఉంది. అప్పటికే సగం షిఫ్టు. రెక్కలు నిప్పులా ఉన్నాయి. జనం పాడుతున్నారు.

డాక్టరమ్మ చెప్పి చూసిందట. దీపశాలకు రానిదాని మాట ఎవరు వింటారు? నా మాట అసలే వినరు. నేను గొంతెత్తగానే, "అదిగో కుళ్ళుబోతు వచ్చింది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"కుళ్ళే!" అని అరిచాను. "లోపల భగభగ మండుతోంది, కావాలంటే చెయ్యి పెట్టి చూడండి! అందుకని ముందే చెబుతున్నాను. పెద్దదీపం సాక్షిగా నేను ఆ రాయి ఎక్కను. పైడి దిగినా ఎక్కను, పైడి లేకపోయినా ఎక్కను. ఇక వినండి. గవరమ్మా, రెక్కల పడుచు గురించి తర్వాతి మాట చెప్పు."

గవరమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. "ఆమె మూడు నిండుదీపాలు నిలిచింది. ఆమె కాళ్ళు కుండల్లా నిండాయి. ఆమె వెలుగులో కలిసింది."

"దేనితో నిండాయి?"

"వెలుగుతోనే. మా అమ్మ చెప్పేది."

"అయితే రా. పైడి కాలు నొక్కి చూడు."

ముసలిది కర్ర పక్కన పెట్టి రాయి దగ్గర వంగింది. పైడి చీర అంచు కాస్త జరిపి, ఎముక మీద బొటనవేలితో నొక్కింది. తీసింది. గుంట పడింది. ఆ గుంట పూడలేదు. గవరమ్మ చూస్తూ ఉంది. మేమంతా చూస్తూ ఉన్నాం. పాట ఎప్పుడు ఆగిందో తెలీదు.

"ఇది నీరే," అంది గవరమ్మ చిన్నగా. "మా అమ్మ కాళ్ళూ ఇలాగే..."

లేచి తన తలగుడ్డ విప్పి పైడి ముఖం మీద కప్పింది.

ఆ గుడ్డ కిందనుంచి వినబడింది: "నొప్పెడుతోందక్కా. చాలా రోజుల నుంచి నొప్పెడుతోంది."

నేనే ఎత్తుకున్నాను. ఇక్కడ మనిషి బరువెంత! కానీ అది ఉండాల్సినదానికంటే బరువుంది, అంతా నీరు. దారి పొడుగునా నా మెడ పట్టుకునే ఉంది. కొంగున మాత్రలు అలాగే ఉన్నాయి. మొదటిది ఆస్పత్రి గుమ్మంలోనే మింగించాను.

పలుకు 63

మందు మొదలైంది. నురగ ఇంకా ఉంది. తగ్గడానికి నెలలు పడుతుందని, పూర్తిగా తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనని డాక్టరమ్మ అంది. ఆ మాట దాచలేదు కనుక ఆమెను నమ్ముతున్నాను. ఆమె డబ్బాలోంచి పట్టీ తీసినప్పుడల్లా ఆ పసుపు గడి వైపే చూస్తున్నాను.

ఇక గుహ సంగతి. దీపం తగలకుండా పైడికి ముసుగు కుట్టడానికి ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారు. నేను కుడతానంటే నేనని. పూటకొకరు ఉప్పు తగ్గించిన కూర తెస్తున్నారు. రాయి ఖాళీగా ఉంది. నేను దాని పక్కన నేల మీద నిలబడి చెబుతున్నాను, వెనకవాళ్ళకు కనబడను. నాకు పొక్కులొచ్చి పడుకున్ననాడు ఒక్కరు గంజి తెచ్చారా? నాకు కలబంద రాసింది ఎవరు, పైడి. ఇంకెవరూ కాదు. పడక మీద పడుకుని కూడా నన్ను మించిపోయింది! కుళ్ళు పోలేదు, వినేవాళ్ళారా. పోయిందని చెబితే ఈ నోటితో మళ్ళీ దీపం ముందుకు రాలేను.

కానీ ఆ కుళ్ళు కళ్ళతోనే నేను దాన్ని చూశాను. అందుకే మీతో మాట్లాడుతున్నాను.

నీకు ఎవరి మీద కడుపు మండుతోంది? తోటికోడలా, ఆడపడుచా, పక్క గదిలో పాడే పిల్లా? ఆమె ఏం తింటుందో, ఎప్పుడు కూర్చుంటుందో, ఏ చెప్పులు మానేసిందో నీకు తెలుసు. కట్టుకున్నవాడికి తెలీదు, కన్నతల్లికి తెలీదు, నీకు తెలుసు. దీపం తర్వాత చెంపలు ఎర్రబడ్డాయా? పొద్దున్నే వేళ్ళు బిగుస్తున్నాయా? నోట్లో పుండ్లు, ఊడే జుట్టు, వదలని జ్వరం, కాళ్ళ వాపు, నీళ్ళలో అణగని నురగ? ఇందులో ఏది చూసినా నీలోనే దాచుకోకు. రాయి మీద నిలబెట్టి పాడకు. గుర్తు అనకు, శాపం అనకు. ఆమె లేదంటుంది, నమ్మకు. "నీకు కుళ్ళు" అంటుంది, ఒప్పుకో. ఒప్పుకుని చెయ్యి పట్టుకో.

రేపు అనకు, పండగ తర్వాత అనకు. ఈ పలుకు ఆపేసి ఇప్పుడే లే. ఒక డబ్బా తీసుకుని ఆమె గడప తొక్కు. ఆమెను వెంటబెట్టుకుని ఈరోజే ఆస్పత్రికి నడువు.